చెరువు కట్టలో దాగిన బుంగల్ని స్కానింగ్‌తో పట్టుకోవచ్చా: ఆత్మకూరు రైతుల ప్రశ్నకు జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ చెబుతాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. నెల్లూరు జిల్లా ఆత్మకూరు దగ్గర మీ ఊరి చెరువు. కట్ట పొడవు 1.2 కిలోమీటర్లు, ఎత్తు 5 మీటర్ల లోపు. నల్లరేగడి కట్ట, పైన ఎర్ర గ్రావెల్. నిరుడు చెరువు నిండినప్పుడు పెద్ద తూముకు తూర్పున కట్ట అడుగున చెమ్మ తేలింది, ఆ వరసలోనే పందికొక్కుల బొరియలున్నాయి. ఒక సంస్థ వాళ్లొచ్చి, రాడార్ బండి ఒక్కరోజు కట్ట మీద నడిపితే పది మీటర్ల లోతు దాకా ఎక్కడ బుంగ ఉన్నా చూపిస్తామన్నారు. నీటి సంఘం డబ్బు దానికి పెట్టొచ్చా? కట్ట మీద తారురోడ్డు కూడా వేయబోతున్నారు కాబట్టి సర్వే ముందా, రోడ్డు ముందా?

మొదటి ప్రశ్నకు జవాబు: పెట్టొద్దు. పది మీటర్ల మాట పక్కన పెట్టండి, తడిసిన నల్లరేగడిలో రాడార్ ఒక మీటరు దిగితే గొప్ప. మట్టిలో బంక ఎంత ఎక్కువైతే, చెమ్మ ఎంత ఎక్కువైతే, రాడార్ పంపే రేడియో తరంగాన్ని మట్టి అంత తొందరగా మింగేస్తుంది. ఎండిన ఇసుకలో అదే యంత్రం ఐదారు మీటర్లు, ఇంకా లోతు కూడా చూస్తుంది. కరపత్రంలో వేసే లోతు ఆ ఎండిన ఇసుక లెక్కే. మీ కట్ట మీద నడిపితే తెర మీద గ్రావెల్ పొర చక్కగా కనబడుతుంది, దాని కింద అంతా ఒకటే మసక. ఆ మసకలో ఎర్ర వృత్తాలు గీసి నివేదిక ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు.

రాడార్ చెడ్డ పరికరమని కాదు. కాంక్రీటు పలక కింద మట్టి జారిపోయి ఖాళీ ఏర్పడితే దాన్ని పట్టడంలో దానికి మించింది లేదు. సిమెంటు లైనింగ్ వేసిన కాలువ గట్లు, రివిట్‌మెంట్ (కట్ట వాలు మీద పేర్చే రాతి పరుపు) వెనక భాగం, తూము గోడల పక్కలు, ఇవన్నీ దాని పని. అక్కడ తిరిగొచ్చే తరంగం నేరుగా వచ్చిందా, తలకిందులైందా అన్నదాన్ని బట్టి లోపల ఉన్నది గాలా, నీళ్లా అన్నది కూడా చాలాసార్లు చెప్పొచ్చు. మీ తూము దగ్గర ఒక పది మీటర్లు దాన్ని వాడతామంటే నేనూ సరేనంటాను. కిలోమీటరు పొడవున వద్దు.

అసలు సంగతి ఏమిటంటే, ఈ సర్వేలు ఏవీ బుంగను బుంగగా చూపించవు. మట్టిలో ఒకచోటికీ పక్కచోటికీ ఉన్న తేడాను మాత్రమే చూపిస్తాయి. ఆ తేడా బుంగ వల్ల వచ్చిందో, ఇసుక వల్లో, చెట్టు వేరు వల్లో తవ్వి చూస్తేనే తెలుస్తుంది. పందికొక్కు బొరియ అడ్డకొలత మామూలుగా పది సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అది రెండు మీటర్ల లోతున ఒంటరిగా ఉంటే, ఎంత ఖరీదైన పరికరం తెచ్చినా పైనుంచి కనబడదు. భూమిలోకి కరెంటు పంపి చూసే పద్ధతుల్లో, సర్వేలు చేసే మేం వాడే మోటు లెక్క ఒకటుంది: ఖాళీ ఎంత వెడల్పుంటే దాదాపు అంత లోతు వరకే నమ్మకంగా దొరుకుతుంది. మరి ఎందుకు చేయించడం అంటారా? బొరియ ఒంటరిగా ఉండదు కాబట్టి. ఏళ్ల తరబడి కొక్కులు తవ్విన చోట మట్టి గుల్లబారుతుంది, నీళ్లు పట్టిన చోట చుట్టూ చెమ్మ పాకుతుంది, సన్నమట్టి కొట్టుకుపోయి గరుకు మిగులుతుంది. బొరియ చిన్నదే అయినా అది చెడగొట్టిన మేర పెద్దది. సర్వే పట్టేది ఆ మేరను.

ఇది చిన్న విషయం కాదు. మట్టి డ్యాములు తెగిన సంఘటనల్లో దాదాపు సగం లోపలి కోత (ఊట నీళ్లు కట్ట లోపలి మట్టిని కొట్టుకుపోవడం) వల్లే జరిగాయని అంతర్జాతీయంగా చేసిన లెక్కలు చెబుతున్నాయి. మిగతా సగంలో ఎక్కువ భాగం నీళ్లు పైనుంచి పొర్లడం. మనవాళ్లకు గుర్తున్న 2021 నవంబరు 19 నాటి చెయ్యేరు అన్నమయ్య ప్రాజెక్టు సంగతి రెండో రకం. అక్కడ ఏ స్కానింగ్ చేసి ఉన్నా ప్రయోజనం లేదు. మొదటి రకానికి ఉదాహరణ ఇటలీలో ఉంది. 2014 జనవరి 19న మోదెనా దగ్గర సెక్కియా నది గట్టు తెగింది. నీళ్లు గట్టు మీదికి ఎక్కనే లేదు. తర్వాత పరిశోధకులు లెక్కలు వేసి, ముళ్లపందుల్లాంటి జంతువులు తవ్విన బొరియలే కారణమై ఉంటాయని తేల్చారు. అమెరికాలో నెవాడా రాష్ట్రం ఫెర్న్‌లీ దగ్గర 2008 జనవరి 5న ట్రకీ కాలువ గట్టు తెగి సుమారు 590 ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అక్కడా ఎలుకజాతి బొరియలే. 2019లో మహారాష్ట్రలో తివారే డ్యాము తెగినప్పుడు ఒక మంత్రిగారు ఎండ్రకాయల మీద నెపం వేస్తే దేశమంతా నవ్వింది. ఆ డ్యాము విషయంలో నవ్వడం న్యాయమే కావచ్చు గానీ, జంతువులు కట్టను తెంపలేవని మాత్రం అనుకోకండి.

సరే, మీ కట్టకు ఏది పనికొస్తుంది? రెసిస్టివిటీ, అంటే మట్టి కరెంటును ఎంత అడ్డుకుంటుందో కొలవడం. బోరు పాయింటు చూడటానికి నాలుగు ఇనుప కడ్డీలు పాతి, పెట్టెలో అంకెలు చూసి చెప్పేవాళ్లు మీ ఊరికీ వచ్చే ఉంటారు. కొబ్బరికాయ పట్టుకుని నడిచేవాళ్ల గురించి కాదు చెప్పేది, వాళ్ల తర్వాత వచ్చేవాళ్ల గురించి. సూత్రం అదే. రెండు కడ్డీల నుంచి భూమిలోకి కరెంటు పంపి, మరో రెండింటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. బోరుకైతే ఒక చోట లోతుకు చూస్తే చాలు. కట్టకు 48 కడ్డీలు వరసగా పాతి, ఒకే కేబులుకు తగిలించి, యంత్రమే ఏ నాలుగు వాడాలో మార్చుకుంటూ వందల కొలతలు తీసుకుంటుంది. వాటిని కంప్యూటర్‌లో పెడితే కట్టను నిలువునా కోసినట్టు రంగుల బొమ్మ వస్తుంది. దీన్ని ఎలక్ట్రికల్ రెసిస్టివిటీ టోమోగ్రఫీ అంటారు, మా మాటల్లో ఈఆర్‌టీ. కడ్డీకీ కడ్డీకీ మీటరు దూరం పెడితే మీకు ఏడెనిమిది మీటర్ల లోతు వస్తుంది, అంటే కట్టా, దాని కింద పునాది మట్టీ రెండూ. బోరు పాయింటు చూసే పాత నాలుగు కడ్డీల పెట్టెతో కట్ట మొత్తం చేసేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అది ఒక్కో చోట చుట్టుపక్కల మట్టినంతా సగటు చేసి ఒక అంకె ఇస్తుంది, ఇంత సన్నటి పనికి చాలదు.

ఇక్కడ అంకెలు కొన్ని తెలిసి ఉండాలి, నివేదిక చదవడానికి అవే ఆధారం. తడి నల్లరేగడి 5 నుంచి 15 ఓమ్ మీటర్లు (రెసిస్టివిటీని కొలిచే ప్రమాణం ఇది). ఎండిన ఎర్ర గ్రావెల్ కొన్ని వందలు. పెన్నా ఎండు ఇసుక వెయ్యి దాటుతుంది. గాలికి కొలతే లేదు, కరెంటు పోదు. కాబట్టి తడి రేగడిలో గాలి నిండిన బొరియల గుంపు ఉంటే అది స్పష్టంగా ఎర్రగా తేలుతుంది (బొమ్మలో ఎక్కువ అంకెల రంగు ఎరుపు). అదే గుంపులో చెరువు నీళ్లు నిండితే? మంచి నీళ్ల రెసిస్టివిటీ కూడా పదుల్లోనే ఉంటుంది, రేగడికి దగ్గర. బుంగ బొమ్మలోంచి దాదాపు మాయమవుతుంది. ఎండిన గ్రావెల్ కట్టలో ఖాళీ బొరియ అయినా ఇంతే, రెండూ ఎక్కువే కాబట్టి తేడా తెలియదు. ఇందువల్ల ఏ యంత్రం తేవాలన్న ప్రశ్న కంటే ఏ నెలలో తేవాలన్న ప్రశ్న పెద్దది. చాలా నివేదికలు చెడిపోయేది ఇక్కడే, ఎందుకంటే బిల్లులు మార్చిలో పెట్టాలి, కట్ట పని మేలో మొదలవ్వాలి, మధ్యలో ఏప్రిల్ ఎండల్లో హడావుడిగా సర్వే చేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో నల్లరేగడి మీటరు లోతు దాకా బీటలు వారుతుంది. ఆ బీటలన్నీ గాలి ఖాళీలే. బొమ్మ నిండా ఎర్ర మచ్చలు, ప్రతిదీ బుంగలాగే కనబడుతుంది.

మీకు సరైన కాలం జనవరి చివరి నుంచి మార్చి మొదటి వారం దాకా. పంటకు నీళ్లు తీస్తూ చెరువు దిగుతూ ఉంటుంది, బొరియలు నీళ్లు కారిపోయి ఖాళీ అవుతాయి, కట్ట ఒంట్లో చెమ్మ ఇంకా ఉంటుంది. ఎడగారుకు, అంటే రెండో పంటకు, నీళ్లిచ్చే ఏడైతే చెరువు మట్టం చూసుకుని ఇంకొంచెం ఆలస్యంగా పెట్టుకోవచ్చు. పై గ్రావెల్ అప్పటికే ఎండి కరెంటు తీసుకోకపోతే ప్రతి కడ్డీ మొదట్లో చెంబెడు ఉప్పునీళ్లు పోయాలి. ఇది చేయని బృందం కొలతలు నమ్మను. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల పక్క గట్లకైతే నేను చెప్పిన అంకెలేవీ వర్తించవు. ఉప్పునీటి ఊట మొత్తాన్ని ఒకటి రెండు ఓమ్ మీటర్లకు దించేస్తుంది. అక్కడ సంగతి వేరే.

పెన్నా పొర్లుకట్ట మీద ఒకసారి నాకు ఎదురైంది చెబుతాను. నలభై మీటర్ల పొడవున, మూడు మీటర్ల లోతులో, అచ్చం గుహలాంటి ఎర్ర మచ్చ వచ్చింది. మాతో వచ్చిన ఇంజనీరు అప్పుడే గ్రౌటింగ్‌కు (సిమెంటు ముద్దను కట్ట లోపలికి ఎక్కించడానికి) అంచనా వేయడం మొదలుపెట్టాడు. పక్క చేలో పశువులు కాస్తున్న పెద్దాయన్ని అడిగితే, ‘అక్కడ గండి పడింది నాయనా, మా నాయన కాలంలో. లారీల్లో యేటి ఇసక తోలి పూడ్చినారు’ అన్నాడు. ఆగరుతో (మట్టిని తొలిచే చేతి బర్మాతో) గుంట దించాం. ఇసుకే. బుంగ కాదు గానీ, బంకమట్టి కట్టలో ఇసుక అతుకు అంటే అదీ ప్రమాదమే, ఊట దారి. గ్రౌటింగ్ బదులు నది వైపు బంకమట్టి పొర వేయాలని రాశాం. నేను ఇప్పుడు ఏ కట్టకు వెళ్లినా తీగ పరిచేముందు ఊళ్లో పాత గండ్లు, పూడ్చేసిన పాత తూములు, చచ్చిపోయిన చెట్ల జాగాలు అడిగి కాగితం మీద గీసుకుంటాను. మీరు ఊళ్లోవాళ్లు, ఆ పని మీరే ముందు చేసి సర్వేవాళ్లకు ఇవ్వకుండా దాచిపెట్టండి. వాళ్ల బొమ్మలో ఆ పాత గండి తేలిందో లేదో తర్వాత చూడండి. తేలకపోతే మిగతా మచ్చల్నీ అనుమానించాలి.

ఇంకో పద్ధతి గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు, చవక కాబట్టేమో. సెల్ఫ్ పొటెన్షియల్. మట్టి సందుల్లోంచి నీళ్లు పారేటప్పుడు సహజంగానే కొన్ని మిల్లీవోల్టుల తేడా పుడుతుంది. కాపర్ సల్ఫేట్ ద్రావణం పోసిన రెండు పోరస్ కుండీలు, పొడుగు తీగ, మంచి మల్టీమీటరు ఉంటే చాలు. ఒక కుండీని కదలనిచోట పెట్టి, రెండోదాన్ని కట్ట అడుగున రెండేసి మీటర్లకు జరుపుతూ కొలవాలి. నీళ్లు లోపలికి దిగే చోట ఋణంగా, బయటికి తేలే చోట ధనంగా అంకెలు వంగుతాయి. ఈఆర్‌టీ మట్టి ఎలా ఉందో చెబుతుంది, ఇది నీళ్లు నడుస్తున్నాయా లేదా చెబుతుంది. ఇది మాత్రం చెరువు నిండుగా ఉన్నప్పుడే చేయాలి, నవంబరు, డిసెంబరుల్లో. కరెంటు మోటార్ల ఎర్తింగు దగ్గరుంటే అంకెలు చెడిపోతాయి, పొద్దున్నే మోటార్లు ఆపించి చేయండి. జియోఫిజిక్స్ చదివే పీజీ పిల్లల చేత చేయించొచ్చు, వాళ్లకు ప్రాజెక్టు పని అవుతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. విద్యుదయస్కాంత వాహకత మీటరు, ఈఎం అంటారు, చేతపట్టుకుని నడుస్తూ పోవచ్చు. కిలోమీటరు కట్ట ఒక పూటలో అయిపోతుంది, కడ్డీలు పాతక్కర్లేదు. ఎక్కడ మట్టి మారిందో తెలుస్తుంది, ఎందుకు మారిందో తెలియదు. ఈఆర్‌టీ ఎక్కడ వేయాలో నిర్ణయించుకోవడానికి పనికొస్తుంది. సమ్మెటతో కొట్టి జియోఫోన్లతో వినే మాస్వ్ పద్ధతి గుల్లబారిన, మెత్తబడిన మేరను బాగా చూపిస్తుంది. చిన్న ఖాళీలు దానికి ఆనవు. గ్రావిటీ సర్వే (భూమి ఆకర్షణలో సన్నటి తేడాలు కొలవడం) గురించి ఎవరైనా చెబితే ఈ లెక్క చూపించండి: మూడు మీటర్ల లోతున రెండు మీటర్ల అడ్డకొలత గల గుండ్రటి ఖాళీ, అంటే మనిషి నిలబడేంత గుహ, పైన ఆ ఆకర్షణలో పుట్టించే మార్పు దాదాపు 6 మైక్రోగాల్ (దాన్ని కొలిచే ప్రమాణం). పొలంలో మంచి గ్రావిటీమీటరు తప్పు కూడా ఇంచుమించు అంతే. అదే అడ్డకొలత అరవై సెంటీమీటర్లయితే 0.2 కూడా రాదు. సున్నపురాయి గుహలకు అది మంచిదే, చెరువు కట్టకు కాదు.

మీ పని వరస నేనైతే ఇలా పెట్టుకుంటాను. ముందు చిల్లచెట్లు, కంప కొట్టించండి. కంప ఉండగా కట్టను ఎవరూ చూడలేరు, కడ్డీ పాతలేరు, కొక్కులకు, ఉడుములకు అదే ఇల్లు. పెద్ద చెట్టు మొదళ్లను మాత్రం జేసీబీతో పెరికించొద్దు. వేళ్లు వచ్చిన గుంట సరిగ్గా కూరకపోతే మీరే బుంగ చేసినట్టు. తర్వాత ఇద్దరు మనుషులు కట్ట అడుగునా, నీళ్ల వైపు వాలు మీదా నడిచి ప్రతి బొరియనూ సున్నంతో గుర్తుపెట్టి ఫోన్లో జీపీఎస్ తీసుకోవాలి. ఈ నడకలో దొరికేవి యంత్రాలు ఇచ్చేదానికంటే ఎక్కువ ఉంటాయి, ఖర్చు రెండు కూలీలు. తూము షట్టరు దించి గొట్టంలోకి కెమెరా పంపించండి. మీరు చెప్పిన చెమ్మ తూముకు దగ్గర్లోనే ఉంది కాబట్టి నా మొదటి అనుమానం కొక్కుల మీద కాదు, తూము గొట్టం పక్క మట్టి మీద. రాతికట్టుకు ఆనుకుని మట్టిని దిమ్మిస కొట్టడం కష్టం, చాలా పాత చెరువుల్లో ఊట మొదలయ్యే చోటు అదే. గొట్టం లోపల కీళ్లు ఊడి ఉంటే కెమెరాలో కనబడుతుంది, సర్వే అక్కర్లేదు.

వీటి తర్వాత చెమ్మ తేలిన చోటుకు అటూ ఇటూ కలిపి ఒక మూడు వందల మీటర్లకు ఈఆర్‌టీ. కట్ట పైన ఒక వరస, బయటి వాలు అడుగున ఒక వరస. ఒక్క పై వరస చాలదు, ఎందుకంటే లెక్క కట్టే సాఫ్ట్‌వేర్ రెండు పక్కలా మట్టి ఎక్కడికో సాగిపోయి ఉందనుకుంటుంది. నిజానికి ఒక పక్క నీళ్లు, ఒక పక్క గాలి. రెండు వరసల్లోనూ ఒకేచోట తేడా వస్తేనే పట్టించుకోండి. తూములో ఇనుప కమ్మీలుంటే దాని మీద నాలుగైదు మీటర్ల బొమ్మను లెక్కలోకి తీసుకోవద్దు.

ఒప్పందంలో రాయించాల్సినవి రెండున్నాయి. ముడి కొలతల ఫైలు మీకు ఇవ్వాలి, బొమ్మలు మాత్రమే కాదు. ఫైలుంటే ఇంకొకరి చేత మళ్లీ లెక్క వేయించుకోవచ్చు. రెండోది, అనుమానం వచ్చిన మూడు నాలుగు చోట్లా, ఏమీ లేదని వాళ్లే చెప్పిన ఒక చోటా, చేతి ఆగరుతో గుంటలు దించి చూపించాకే చివరి చెల్లింపు. ఆ గుంటలు చెరువు మట్టం దిగాకే వేయాలి, పొడిగానే వేయాలి. బోరు బండిలాగా నీళ్లు, గాలి ఒత్తిడి పెట్టి కట్టను తొలవనివ్వద్దు. ఆ ఒత్తిడికి కట్టే లోపల చీలుతుంది. చూశాక సిమెంటు, బెంటొనైట్ (నీళ్లు తగిలితే ఉబ్బే బంకమట్టి) కలిపిన ముద్దతో అడుగు నుంచి నింపాలి.

బొరియలు దొరికాక పైన సిమెంటు మెత్తి మూసేస్తే లోపలి ఖాళీ అలాగే ఉంటుంది. మెట్లు మెట్లుగా తవ్వి, అదే రకం మట్టితో జానెడు మించని పొరలుగా తడి చేసి దిమ్మిస కొట్టాలి. తవ్వలేనంత లోతుంటేనే గ్రౌటు, అదీ తక్కువ ఒత్తిడితో.

ఈలోగా వానాకాలం వచ్చి ఊట మళ్లీ తేలితే సర్వే కోసం ఎదురుచూడొద్దు. తేటగా, రోజూ ఒకే మోతాదులో వస్తుంటే గుర్తులు పెట్టి రోజూ చూస్తే సరిపోతుంది. బురదగా వస్తుంటే కట్ట లోపలి మట్టి బయటికి పోతోందని అర్థం, గంటల వ్యవహారం. అప్పుడు ఊళ్లల్లో అందరూ చేసే పని బయట నీళ్లు వచ్చే కంతలో బంకమట్టి కుక్కడం. అది చేయకూడదు. అక్కడ మూస్తే నీళ్లు ఇంకోచోట తన్నుకొస్తాయి. బయట ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, ఆపైన పెద్ద కంకర పోసి నీళ్లను పోనిచ్చి మట్టిని ఆపాలి. చుట్టూ ఇసుక బస్తాలతో బావిలాగా కట్టి నీటి మట్టం లేపితే ఒత్తిడి తగ్గుతుంది. బంకమట్టీ, టార్పాలిన్లూ నీళ్లు లోపలికి దిగే వైపు వేయాలి. కలుజు (అలుగు), తూములు తెరిచి మట్టం దించడం వీటన్నిటితో పాటే మొదలవ్వాలి, ఏఈ గారికి ఫోను అంతకంటే ముందు.

2021 డ్యామ్ సేఫ్టీ చట్టం కింద వానాకాలానికి ముందూ తర్వాతా తప్పనిసరి తనిఖీలుంటాయి కదా అని ఇంకొకరు అడిగారు. అది 15 మీటర్లకు మించిన కట్టలకు, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల కట్టలకు. సోమశిల, కండలేరు దాని కిందికి వస్తాయి. 5 మీటర్ల మీ చెరువు రాదు. పుణె దగ్గరి సెంట్రల్ వాటర్ అండ్ పవర్ రీసెర్చ్ స్టేషన్, హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) లాంటి సంస్థలు కూడా ఇలాంటి కొలతలు చేయగలవు గానీ, ఈ పరిమాణం పనికి వాళ్ల దాకా వెళ్లనక్కర్లేదు.

రోడ్డు సంగతి. సర్వే ముందు, మరమ్మతు తర్వాత, రోడ్డు ఆఖరున. తారు వేశాక కడ్డీ పాతాలంటే ప్రతి మీటరుకూ రోడ్డును తొలవాలి, ఏ కాంట్రాక్టరూ ఒప్పుకోడు. రోలరు, తారు లారీలు ఎక్కితే గుల్లబారిన చోట కుంగుతుంది, కుంగినచోట వాననీళ్లు నిలిచి కట్టలోకే దిగుతాయి. రోడ్డు అంచనా ఇప్పటికే పైకి వెళ్లిపోయి ఉంటే, తూముకు తూర్పు వైపు ఆ మూడు వందల మీటర్ల ముక్కనైనా ఈ ఏడాదికి ఆపమని నీటి సంఘం తీర్మానం చేసి డీఈ గారికి కాగితం ఇవ్వండి. చెమ్మ తేలినప్పుడు తీసిన ఫోటోలుంటే తేదీలతో సహా దానికి జత చేయండి.